ముందు చదును, తర్వాతే పద్మం

(గజపతి జిల్లా పర్లాకిమిడి దగ్గర ఆరుబయట జరిగిన శిల్పుల కూడికలో, కొత్తగా ఉలి పట్టిన వారి కోసం తెలుగులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉన్నవాళ్లు కాస్త జరగండి బాబూ, వెనక ఎండలో నిలబడ్డవాళ్లు పందిట్లోకి వస్తారు. అమ్మా, ఆ రాయి మీద కూర్చోకండి, అది సరిగా ఆనలేదు, ఒరుగుతుంది.

మీలో చాలామంది కాగితం మీద వినాయకుడి బొమ్మ గీసుకుని వచ్చారు. ఆ కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి. ఈ పది రోజుల్లో వాటి జోలికి పోవద్దు. ఒక్కొక్కరికి ఒక దిమ్మ ఇస్తాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు, ఆరంగుళాల మందం. దాని ఒక ముఖాన్ని చదును చెయ్యాలి, ఆ చదును మీద ఒక పద్మం చెక్కాలి. అంతే పని. ఇది చిన్నపని అనిపిస్తే, మొదటి రోజు సాయంత్రం చదునుకి బద్ద ఆనించి చూసుకోండి, కింద నుంచి వెలుతురు ఎన్నిచోట్ల కనబడుతుందో లెక్కపెట్టండి. చదును రాని చేతితో విగ్రహం మొదలుపెడితే ఎడమ భుజం కుడి భుజం కన్నా లోపలికి పోతుంది, ఎక్కడ పోయిందో తెలీదు. కొలుచుకోవడానికి నమ్మకమైన ముఖం ఒక్కటీ లేకపోవడమే అందుకు కారణం.

బరువు సంగతి మొదటే చెబుతాను. ఘనపు అడుగు రాయి సుమారు 75 కిలోలు. మీ దిమ్మ అందులో సగం, అంటే 37, 38 కిలోలు. ఇద్దరు పట్టి ఎత్తండి, నడుము వంచకుండా మోకాళ్లు వంచి ఎత్తండి. ఒడ్డున ఉన్న పెద్ద రాయి రెండడుగులు, రెండడుగులు, నాలుగడుగులు. 16 ఘనపు అడుగులు, అంటే 1200 కిలోలు. దాన్ని చైన్ కప్పీ లేకుండా ఎవరూ కదపొద్దు. అది వేలాడుతున్నంతసేపు దాని కిందికి చెయ్యి గాని, కాలు గాని పోకూడదు.

ఇక రాళ్లు. ఈ పందిట్లో మూడు రకాలున్నాయి. తెలుపు, బూడిద కలిసి, మధ్యలో ఎర్రటి గింజలు మెరిసేది ఖోండలైటు. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరే దానికి పెట్టారు. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరది. పూరీ, భువనేశ్వర్ నుంచి వచ్చిన గురువులు దీన్నే బౌలమాల అంటారు. కోణార్కలో గోడలకీ, చక్రాలకీ వాడింది ఇదే. రెండోది ఆకుపచ్చ కలిసిన నలుపు, చేత్తో రాస్తే నున్నగా జారుతుంది. ఒడియాలో ముగుని, పుస్తకాల్లో క్లోరైటు. మన పిల్లలు పలక మీద రాసే బలపం రాయి దీనికి దగ్గరి చుట్టం. మూడోది నల్లరాయి. అది ఈసారి చూడటానికే. మొదటిసారి ఉలి పట్టినవాళ్లకి నల్లరాయి ఇస్తే వారం తిరిగేసరికి మణికట్టు పోతుంది, దిమ్మ మాత్రం అలాగే ఉంటుంది.

కోణార్క వెళ్లినవాళ్లు ఒకసారి గుర్తు చేసుకోండి. 13వ శతాబ్దపు గుడి. ద్వారబంధాలు, పార్శ్వాన ఉన్న సూర్య విగ్రహాలు ముగుని రాతివి. నగల్లోని పూసలు ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు. బయటి గోడ మీద ఖోండలైటు బొమ్మల్లో చాలావాటికి ముక్కూ మొహమూ కరిగిపోయాయి. శిల్పుల చేతిలో తేడా లేదు, రాయిలోనే ఉంది. ఖోండలైటులో ఫెల్స్పార్ అనే ఖనిజం నీటికి మెత్తబడి తెల్ల మట్టి అవుతుంది. ఎర్ర గింజలు గార్నెట్. వాటిలోని ఇనుము తుప్పు పట్టి గోధుమరంగు మరక దిగుతుంది. సముద్రపు ఉప్పు గాలి ఈ రెండింటినీ తొందరపెడుతుంది. కొరాపుట్ వైపు కొండల నెత్తిన బాక్సైటు తవ్వుతున్నారే, అది కూడా ఈ ఖోండలైటు లక్షల ఏళ్లు వానకి నాని మారినదే. కాబట్టి ఆరుబయట వానలో నిలబడే బొమ్మకి ఈ రాయి ఎంచుకుంటే సన్నపని తగ్గించాలి, నీళ్లు నిలిచే గుంటలు పెట్టకూడదు. నీడన ఉండే బొమ్మకి ఇబ్బంది లేదు.

చెక్కేవాడికి ఆ ఎర్ర గింజే అసలు చిక్కు. ముగుని గోరు కన్నా కొంచెం గట్టి, అంతే. గార్నెట్ మన ఉలి ఉక్కు కన్నా గట్టిది. మెత్తటి పొరలో సాఫీగా పోతున్న ఉలి ఒక్కసారిగా గింజకి తగులుతుంది. గట్టిగా కొడితే గింజ ఊడి వస్తుంది, బఠాణీ అంత గుంట మిగులుతుంది. చెంప మీద ఆ గుంట పడితే మొహం మొత్తాన్ని ఒక పొర కిందికి దింపాల్సిందే. అందుకని గీతలు గియ్యకముందే దిమ్మని తడిపి చూడండి. తడిసిన రాయిలో గింజలూ, చారలూ బాగా తేలతాయి. పెద్ద గింజలున్న వైపుని వెనక్కి తిప్పండి.

తడిపినప్పుడు ఇంకొకటి కనబడుతుంది. నీళ్లు ఆరేటప్పుడు పగులు ఉన్నచోట సన్నని తడి గీత చివరిదాకా ఉండిపోతుంది. ఆ తర్వాత సుత్తితో తేలికగా తట్టి వినండి. దిమ్మ కింద రెండు చెక్కముక్కలు పెట్టి తట్టాలి, నేల మీద ఆనిన రాయి ఎప్పుడూ మొద్దుగానే పలుకుతుంది. మంచి రాయి గంటలా ఖంగుమంటుంది. లోపల పగులుంటే కుండ పగిలిన చప్పుడు. పాతవాళ్లు ఈ చప్పుడుని బట్టే పుంశిల, స్త్రీశిల, నపుంసక శిల అని విడగొట్టి, దేనితో విగ్రహం, దేనితో పీఠం చెయ్యాలో చెప్పారు. ఆ విభజనని మీరు ఎలా తీసుకున్నా సరే, తట్టి వినే అలవాటు మాత్రం వదలొద్దు.

మూడో పరీక్ష పొర. ఖోండలైటుకి చెక్కకి ఉన్నట్టే వరస ఉంటుంది. పక్క నుంచి చూస్తే చారలు ఒకే దిక్కుకి పోతుంటాయి. చాచిన చెయ్యి, కర్ర, పొడుగాటి తామర కాడ, ఇలాంటి సన్నని భాగాలు ఆ చారల వెంట పోవాలి. అడ్డంగా పోతే ఎప్పుడో ఒకప్పుడు విరుగుతుంది, చాలాసార్లు నున్నచేసే రోజునే విరుగుతుంది. మీ పద్మానికి ఈ బాధ తక్కువ. అయినా ఇప్పుడే సుద్దతో దిమ్మ పక్కన బాణం గుర్తు వేసి పెట్టుకోండి.

పనిముట్లకి వద్దాం. ఉలిని ఒడియావాళ్లు నిహాణ అంటారు, సుత్తిని హాతుడి. గురువు కేకేసినప్పుడు తడుముకోకుండా అందించాలంటే ఈ రెండు మాటలైనా తెలిసుండాలి. మీకు మూడు ఉలులు చాలు. మొన ఉలి, పళ్ల ఉలి, పలక ఉలి. ముగుని, ఖోండలైటు పనికి సుత్తి అరకిలో నుంచి ముప్పావు కిలో. నల్లరాయి వాళ్ల చేతుల్లో కిలో, కిలోన్నర సుత్తులు చూసి మీరూ అవే పట్టుకోకండి. బరువు సుత్తి మెత్తరాయిలో లోపలికి పగులు దించుతుంది.

దిమ్మని ఇసుక బస్తా మీద కూర్చోబెట్టండి. నిలబడి పనిచేస్తే రాయి పైముఖం బొడ్డు ఎత్తులో ఉండాలి. అంతకన్నా కిందుంటే సాయంత్రానికి నడుం పట్టేస్తుంది, పైనుంటే చిప్పలు మొహానికి వస్తాయి. నాలుగు మూలల మీదా చేత్తో నొక్కండి. ఊగే దిమ్మ మీద కొట్టిన దెబ్బలో సగం ఇసుకలోకి పోతుంది.

ఇప్పుడు చదును. శ్రద్ధగా వినండి, ఈ ఉదయమంతా దీనికే.

పైముఖంలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటు వెతకండి. దానికి ఇంకో అయిదు మిల్లీమీటర్ల కిందుగా, ఒక పక్కన బద్ద పెట్టి జేగురుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, గీత గియ్యండి. ఆ గీత దాకా, అంచు వెంట ఒక అంగుళం వెడల్పు పట్టీ పలక ఉలితో దించండి. బద్ద ఆనిస్తే ఎక్కడా వెలుతురు రాకూడదు. ఇది మొదటి పట్టీ. దానికి ఎదుటి అంచు ఎంత దించాలో ఎలా తెలుస్తుంది? రసమట్టం పెడతామంటారు కొందరు. ఇసుక బస్తా మీద కూర్చున్న రాయికి రసమట్టం ఏం చెబుతుంది, మధ్యాహ్నానికి బస్తా కుంగుతుంది. ఒకే ఎత్తున్న రెండు బద్దలు తీసుకోండి. ఒకటి పూర్తయిన పట్టీ మీద నిలబెట్టండి. రెండోది ఎదుటి పక్కకి ఆనించి పట్టుకోమని పక్కవాళ్లకి ఇవ్వండి. మీరు వంగి, ఒక కన్ను మూసి, ముందు బద్ద పైఅంచు మీదుగా వెనక బద్ద పైఅంచుని చూడండి. రెండూ ఒకే గీతగా కలిసేదాకా వెనక బద్దని ఎత్తించండి, దింపించండి. కలిసినప్పుడు దాని కిందిఅంచు వెంట గీత గియ్యండి. ఆ గీత దాకా రెండో పట్టీ. తర్వాత ఆ రెండు పట్టీల కొసలూ కలుపుతూ మిగిలిన రెండు అంచులు. నాలుగు పట్టీలూ ఒకే తలంలోకి వచ్చాయంటే మధ్యలో మిగిలిన గుట్టని తియ్యడం చేతిపనే.

గుట్టని మొన ఉలితో తీస్తాం. అంగుళం, అంగుళంన్నర ఎడంగా సమాంతరంగా గాడులు తియ్యండి. గాడుల మధ్య మిగిలిన గట్లని అడ్డంగా కొడితే అవే పెళ్లలుగా లేస్తాయి. కావలసిన మట్టానికి మూడు మిల్లీమీటర్లు పైన మొన ఉలి ఆపెయ్యాలి. ఆ మిగిలినది పళ్ల ఉలిది. దాన్ని ముందు ఒక మూల నుంచి ఎదుటి మూలకి, తర్వాత రెండో మూల నుంచి, ఇలా అడ్డదిడ్డంగా నడపాలి. ఒకే దిక్కుకి నడిపితే అల మీద అల లేచి చదును రాదు. చివర పలక ఉలి. ఎక్కడ ఎత్తు మిగిలిందో తెలియాలంటే బద్ద అంచుకి జేగురు రాసి ముఖం మీద ఈడ్చండి. ఎర్రబడ్డ చోటే ఎత్తు, అక్కడ మాత్రమే తియ్యండి.

ఉలి వాలు గురించి అందరూ అడుగుతారు. ముతకపనికి రాతి ముఖానికి 45 నుంచి 60 డిగ్రీలు. నిటారుగా నిలబెట్టి కొడితే పెళ్ల లేవదు, ఉలి దిగినచోట తెల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ పైపూత కాదు. దాని కింద రాయి నలిగి ఉంటుంది. ఎంత నున్నచేసినా మచ్చ పోదు, నున్నచేసిన కొద్దీ ఇంకా స్పష్టంగా కనబడుతుంది. మొన ఉలిని మూడు మిల్లీమీటర్లు పైన ఆపమన్నది ఈ నలుగుడు కోసమే. మరీ వాల్చి కొడితే ఉలి జారుతుంది, మీ వేళ్ల కణుపులు రాయికి గీసుకుంటాయి.

అంచు దగ్గర దెబ్బ ఎప్పుడూ అంచు నుంచి లోపలికి. లోపలి నుంచి అంచు వైపు కొడితే చివర్లో రాయికి వెనక ఆసరా ఉండదు, అంచు పెళ్లగా ఊడి పోతుంది. ఈ రోజు కనీసం పదిమందికి ఇది జరుగుతుంది. జరిగితే ఆరల్డైట్ జిగురు కోసం పరిగెత్తకండి, ముఖాన్ని మొత్తం కిందికి దించి మళ్లీ మొదలుపెట్టండి. నేర్చుకునే దిమ్మకి ఆరంగుళాల మందం ఇచ్చింది అందుకే.

కళ్లు ఉలి కొన మీద ఉండాలి, ఉలి తల మీద కాదు. సుత్తి తనంతట తానే తల వెతుక్కుంటుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది. ఉలిని పిడికిలి బిగించి పట్టకండి. ఉలి రాయిలో ఇరుక్కుంటే పక్కకి కొట్టి పీకొద్దు, మొన విరుగుతుంది. వచ్చిన దారినే వెనక్కి తట్టి తియ్యండి.

[సభలో ఒకరు: ఉలి గంటకే మొద్దుబారుతోందండీ.]

మంచిమాట అడిగావు బాబూ. మొద్దుబారడానికి రెండు కారణాలు. ఒకటి గార్నెట్, దానికి మందు లేదు, సానపట్టుకుంటూ పోవడమే. రెండోది నీరు సరిగా పట్టకపోవడం, అంటే ఉలిని కాల్చి ముంచి గట్టిపరచడం కుదరకపోవడం. మామూలు ఉక్కు ఉలిని కొలిమిలో రేగుపండు ఎరుపు వచ్చేదాకా కాల్చి, కొనని మాత్రం నీళ్లలో ముంచుతారు. అప్పుడది గాజులా గట్టిపడుతుంది, అంతే పెళుసు అవుతుంది. అలాగే రాయి మీద పెడితే మొన తెగుతుంది. అందుకని కొనని ఇసుకరాయితో తళతళా రుద్ది, వెనక మిగిలిన వేడి మెల్లగా కొనకి పాకుతుంటే రంగు చూస్తూ కూర్చోవాలి. ముందు లేత గడ్డి రంగు వస్తుంది, తర్వాత గోధుమ, ఊదా, నీలం. గడ్డి రంగు కొనకి చేరగానే మళ్లీ ముంచెయ్యాలి. నీలం దాకా వదిలేస్తే మెత్తబడిపోతుంది, నీ ఉలి జరిగింది బహుశా అదే. పట్టపగలు ఎండలో ఈ రంగులు కనబడవు, కొలిమి నీడన ఉండాలి. కార్బైడ్ కొన అతికించిన ఉలులు కొనుక్కొచ్చినవాళ్లు మాత్రం వాటిని కొలిమిలో పెట్టకండి, అతుకు ఊడిపోతుంది. ఇంకో మాట. ఉలి తల పుట్టగొడుగులా విచ్చుకుంటే వెంటనే గ్రైండరుతో కొట్టేయించండి. ఆ రేకులు ఎగిరితే కంట్లోనే దిగుతాయి.

పద్మానికి వస్తే, చదును మీద మూలల నుంచి గీతలు గీసి కేంద్రం పట్టండి. కంపాసుతో తొమ్మిదంగుళాల అడ్డకొలత వలయం గియ్యండి. చుట్టూ అంగుళంన్నర మిగులుతుంది. నిలువు గీత, అడ్డగీత, వాటి మధ్య కోణాలు సగం చేస్తే ఎనిమిది. ఇంకోసారి సగం చేస్తే పదహారు. కోణార్క చక్రంలో ఎనిమిది లావు ఆకులు, ఎనిమిది సన్నవి, లెక్క అదే. మీరు పైవరస ఎనిమిది రేకులు, వాటి సందుల్లోంచి తొంగిచూసే కిందివరస ఎనిమిది.

వలయం బయట ఉన్న రాయిని ఒక అంగుళం దించండి. ఇప్పుడు పళ్లెం బోర్లించినట్టు ఒక గుండ్రం మిగిలింది. దాన్ని అంచు వైపు వాలేలా గుండ్రించండి. ఇక్కడే ఒక పొరపాటు ప్రతిసారీ జరుగుతుంది. గుండ్రించడంలో గీతలన్నీ పోతాయి. గుర్తుంది కదా అని కంటి లెక్కతో రేకులు మొదలుపెడతారు, ఏడో రేకు దగ్గరికి వచ్చేసరికి ఎనిమిదోదానికి చోటు సగమే ఉంటుంది. గీత పోయిన ప్రతిసారీ మళ్లీ గియ్యాలి. అందుకోసమే మధ్యలో రెండంగుళాల బొడ్డుని, దాని మీద కేంద్రపు చుక్కని చివరిదాకా ముట్టుకోవద్దంటున్నాను. వలయం బయట పట్టీ మీద కూడా పదహారు గుర్తులు ఉలితో చిన్నగా వెయ్యండి, జేగురు చెరిగినా అవి ఉంటాయి. బొడ్డు గింజలు ఆఖరి రోజు పని.

రేకుల మధ్య సందు ముందు పైపైన తీసి, ఎనిమిదీ ఒక మట్టానికి వచ్చాక లోతు పెంచండి. ఒక రేకుని పూర్తిచేసి పక్కదానికి పోతే దేనికదే ఒక తీరుగా వస్తుంది. రేకు అంచు కింద తొలిచేది అన్నిటికన్నా చివర. అంచు మందం ఎనిమిది మిల్లీమీటర్లకి తగ్గనివ్వకండి.

వెలుతురు సంగతి. పొద్దున్నా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది, అప్పుడు రేకు మీది ఎత్తుపల్లాలు నీడతో తెలిసిపోతాయి. మధ్యాహ్నం నడినెత్తిన ఎండలో అంతా ఒకటేలా కనబడుతుంది. అప్పుడు లోతు తెలీక ఎక్కువ తీసేస్తారు. సన్నపని పొద్దున పెట్టుకోండి, ముతకపని మధ్యాహ్నం తాటాకు పందిరి కింద. ఆరుబయట పని నేర్చుకోవడంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఈ వెలుతురే అనిపిస్తుంది. ఒకే గొట్టపు దీపం కింద చెక్కిన బొమ్మ గుడి ముందు పెట్టగానే ఎందుకు చప్పబడిపోతుందో ఇక్కడ మూడు రోజులుంటే అర్థమవుతుంది.

నున్నచెయ్యడం గురించి క్లుప్తంగా. నీటికాగితం, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, 120 నంబరు, 220, 400, 600. మెట్టు దాటవద్దు. 120 గీతలు పూర్తిగా పోకుండా 400కి వెళ్తే ఆ గీతలు అలాగే మెరుస్తాయి. ఖోండలైటుకి మెరుగు పెట్టే శ్రమ పడకండి, దానికి ఉలి గుర్తులే అందం. అది నా అభిప్రాయం. ఒప్పుకోని గురువులు ఈ పందిట్లోనే ఉన్నారు, వాళ్లనీ అడగండి.

[సభలో ఒకరు: అమ్మా, వినాయకుడి కాగితాలు దాచుకోమన్నారు. విగ్రహం కొలతలు ఎప్పుడు చెబుతారు?]

లెక్క ఇప్పుడే చెబుతాను, ఇంటికెళ్లి గీసుకోండి. నిలబడ్డ దేవతకి వాడుకలో ఉన్నది నవతాళం. ఒక మొహం పొడవు ఒక తాళం, అంటే 12 అంగుళాలు, తొమ్మిది తాళాలు 108 అంగుళాలు. ఇది టేపు మీది అంగుళం కాదు, బొమ్మ ఎత్తులో 108వ వంతు. మొహం 12, మెడ 4, మెడ నుంచి రొమ్ము 12, రొమ్ము నుంచి బొడ్డు 12, బొడ్డు నుంచి కటి 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం 4. కూడితే 108. కిరీటం ఇందులో లేదు. టేపు మీద 27 అంగుళాల బొమ్మ అయితే ఒక వంతు పావంగుళం, మొహం మూడంగుళాలు. వినాయకుడిది వేరే లెక్క, ఆయన పొట్టి, పంచతాళం, 60 వంతులు. ముందువైపు బొమ్మ, పక్కవైపు బొమ్మ రెండూ దిమ్మ మీద ఒకే మట్టంలో గియ్యాలి. ముందువైపు బొడ్డు గీత, పక్కవైపు బొడ్డు గీత కలవాలంటే దిమ్మ ముఖాలు చదునుగా, ఒకదానికొకటి మూలమట్టంగా ఉండాలి. ఈ ఉదయమంతా చేస్తున్నది దానికే.

చివరగా దుమ్ము. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఖోండలైటులోనూ, నల్లరాయిలోనూ స్ఫటికం ఉంది. దాని దుమ్ములో కంటికి కనబడేది ముక్కులోనే ఆగుతుంది. కనబడనంత సన్ననిది ఊపిరితిత్తుల అడుగుకి చేరి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌కి నయం లేదు, క్షయ కూడా తొందరగా అంటుకుంటుంది. ఆరుబయటే కదా, గాలికి పోతుందిలే అనుకుంటారు. మీ మొహానికి, రాయికి మధ్య దూరం అడుగున్నర. గాలి తీసుకుపోయేలోపే మీరు పీల్చేస్తారు. తువ్వాలు కట్టుకుంటే ముతక దుమ్మే ఆగుతుంది. ఎన్95 మాస్కు వేసుకోండి, ముక్కు దగ్గర పట్టీ నొక్కండి. గడ్డం దట్టంగా ఉంటే పక్కల నుంచి గాలి దూరుతుంది, ఈ పది రోజులూ గడ్డం తీసెయ్యండి. ముగునికి మాస్కు అక్కర్లేదని కూడా అనుకోకండి, కొన్ని గనుల బలపం రాళ్లలో ఆస్బెస్టాస్ జాతి పోగులుంటాయి.

గ్రైండరు తిప్పేవాళ్లందరూ గాలి పోయే వైపు, పందిరి చివర. నీళ్లు పోస్తూ కొయ్యాలి. నీళ్లూ కరెంటూ ఒకచోట ఉన్నాయి కాబట్టి షాక్ కొడితే తెగిపోయే బ్రేకరు లేని తీగ నుంచి ఎవరూ కరెంటు తీసుకోవద్దు. ఒకరికొకరు పది, పన్నెండు అడుగుల ఎడం. కళ్లద్దాలు అందరికీ, చూడటానికి వచ్చిన పిల్లలకి కూడా. సాయంత్రం చీపురుతో పొడిగా ఊడవకండి, నీళ్లు చల్లి ఎత్తండి. రాతి దుమ్ము బట్టలు ఇంట్లో దులపొద్దు, ఇక్కడే మార్చుకుని తడిపి పట్టుకెళ్లండి.

సరే, దిమ్మలు అటు వరసగా ఉన్నాయి. జతలుగా వెళ్లండి. బక్కెట్టు, సుద్దముక్క ఇక్కడ తీసుకోండి. ముందు తడపండి, తట్టి వినండి, పొర గుర్తు వెయ్యండి. అది నాకు చూపించాకే ఉలి ఇస్తాం.